అష్టమి నాడు పోసిన పునాది

ఉప్పుటేటి గట్టున పౌర్ణమి నాడు పునాది పోయమని కాంట్రాక్టరుకు సలహా ఇచ్చిన మేధావి ఎవరా అని బందరులో కొంతకాలం వాకబు జరిగింది. వాకబు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. నలుగురూ “ఎవడబ్బా వాడు” అంటే, వాళ్లకంటే కాస్త గట్టిగానే “ఎవడబ్బా” అన్నాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ మేధావిని నేనే.

ఒక పత్రికకు వారానికోసారి నిర్మాణరంగం వార్తలు రాస్తుంటాను. సిమెంటు ధర, తోట్లవల్లూరు వైపు నుంచి వచ్చే ఇసుక లారీలు, పోర్టు పనుల్లో ఉద్యోగాలు, గుడివాడ అడ్డా మీద కూలీల గొడవలు, అన్నీ నా కాలమ్‌లోకే వస్తాయి. మేస్త్రీల భాషలో కాలమ్ అంటే స్తంభం. వాళ్ల కాలమ్‌లో ఇనుము ఉంటుంది, కంకర ఉంటుంది. నా కాలమ్‌లో ఎవరో చెప్పిన మాట ఉంటుంది. నిర్మాణం గురించి రాసేవాడికి నిర్మాణం తెలియాలని రూలేమీ లేదు కాబట్టి నెట్టుకొస్తున్నాను. ఒకసారి మా ఇంట్లో క్యాలెండరు తగిలిద్దామని మేకు కొడితే మేకు వంగింది, వేలు వాచింది, గోడ మాత్రం చెక్కుచెదరలేదు. మా ఆవిడ ఆ క్యాలెండరును అయస్కాంతంతో ఫ్రిజ్‌కి అంటించింది. పంచాంగంలో నా పాండిత్యమంతా ఆ ఫ్రిజ్ తలుపు మీదే ఉంది.

ఊరి చివర ఏటి గట్టున చేపల వేలానికి పన్నెండు స్తంభాల షెడ్డు మంజూరైంది. పని దక్కించుకున్న కాంట్రాక్టరు పై జిల్లా మనిషి. తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు, మాటకి ముందు ఒక నవ్వు. వార్త కోసం వెళ్లిన నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి, కొబ్బరినీళ్లు తెప్పించి, “గురువుగారూ” అన్నాడు. జీవితంలో నన్ను ఎవరూ గురువుగారూ అనలేదు. మా పిల్లలకు లెక్కలు చెప్పబోతే వాళ్లు కూడా ట్యూషన్‌కే వెళ్తామన్నారు. ఆ ఒక్క పిలుపుకి కరిగిపోయి, ఆయన ఏం చెబితే అది రాసుకున్నాను. ఇక్కడి వాళ్లకు పని రాదనీ, వేళకు రారనీ, అందుకే బయటి రాష్ట్రాల నుంచి ఎనిమిది మంది పనివాళ్లను తెచ్చుకున్నాననీ చెప్పాడు. ఇక్కడి వాళ్లంటూ ఒకరు ఉంటారు కదా, వాళ్లను కూడా ఒక మాట అడుగుదామని నాకు తోచలేదు. ఆరు లైన్లు రాసి పంపించాను. “స్థానికులకు పని రాదు” అనే హెడ్డింగు కూడా నాదే.

లేచి వచ్చేస్తుంటే, పునాది కాంక్రీటుకి ఒక మంచిరోజు చెప్పి పుణ్యం కట్టుకోమన్నాడు. గురువుగారినైపోయాను కదా, తెలియదని ఎలా అంటాను? ఫ్రిజ్ తలుపును గుర్తు తెచ్చుకుని, వచ్చే పౌర్ణమి దివ్యంగా ఉంది, ఉదయం ఎనిమిదిన్నర దాటాక మొదలుపెట్టమన్నాను. ఆయన వెంటనే ఫోనులో రాసుకున్నాడు.

వార్త వచ్చిన మూడో రోజున, జిరాక్స్ షాపు పైనున్న నా గదికి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. ముందు నడిచి వచ్చినావిడకు యాభై దాటి ఉంటాయి. పనిలోకి వెళ్లే ఆడవాళ్లందరిలాగే చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంది. బొడ్లో కొలత టేపు, చేతిలో నాలుగు మడతలు పెట్టిన పేపరు. ఆవిడ పదహారు మంది ముఠాకి మేస్త్రీ అని పక్కనావిడ చెప్పింది.

“ఇది మీరు రాసిందేనాండీ?”

పొగడడానికి వచ్చారేమోనని కుర్చీలో సర్దుకుని కూర్చుని, నేనే రాశానన్నాను.

“బాగానే రాశారండి. నిన్న షెడ్డు కాడికెళ్లి పని అడిగితే, ఆయన మాట్లాడకుండా ఈ కాయితం చూపించాడు. గోడకి అంటించి పెట్టుకున్నాడు. పని రాదని మీరు రాశారు, నిజంగానే రాలేదు.”

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నేను నవ్వాలో వద్దో తెలియక ఫ్యాన్ స్పీడు పెంచాను.

ఆవిడ కోపంగా ఏమీ మాట్లాడలేదు. అదే నాకు కష్టంగా అనిపించింది. ముఠాలో పన్నెండు మంది ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు. సగం మంది పల్లెపాలెం వాళ్లు. ఇంట్లో మగవాళ్లు సముద్రం మీదికి వేటకు వెళ్తే వీళ్లు చేపలమ్మేవాళ్లు. వేట తగ్గాక చేపల తట్ట దించి కాంక్రీటు తట్ట ఎత్తుకున్నారు. మిగతా సగం ఆ పక్కనే చర్చి చుట్టూ ఉన్న పేట వాళ్లు. అందరూ తొలి బస్సుకి పెడన మీదుగా గుడివాడ వెళ్లి అడ్డా మీద నిలబడతారు. ఎవరైనా పిలిస్తే పని, పిలవకపోతే తిరుగు బస్సు. దివిసీమలో తుఫాను షెల్టర్లకి స్లాబులు పోశారు, కరకట్టలకి రాళ్లు పేర్చారు. సొంత ఊళ్లో పని దొరకడం మాత్రం గగనం. ఇన్నాళ్లకు ఇంటి గుమ్మంలోంచి కేకేస్తే వినపడేంత దూరంలో పని వచ్చింది. అదీ తమ చేపల షెడ్డే. అది దక్కితే ఏడాదిపాటు గుడివాడ బస్సు ఎక్కక్కర్లేదు. పక్కనావిడ కూతురికి నెలలు నిండుతున్నాయి, పని దగ్గర్లో ఉంటే కనిపెట్టుకుని ఉండొచ్చు. వీటన్నిటికీ అడ్డం పడింది నా ఆరు లైన్లే.

వెళ్లబోతూ ఆవిడ గుమ్మంలో ఆగింది.

“అన్నట్టు, పౌర్ణమికి పునాది పోస్తారంటగదండీ. ఆ ముహూర్తం పెట్టిన మహానుభావుడెవరో మీకేమన్నా తెలుసా?”

నాకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. తెలియదన్నాను.

అప్పుడు ఆవిడ నాకు పోటూ పాటూ పాఠం చెప్పింది. సముద్రం నీరు ఎగదన్నితే పోటు, దిగిపోతే పాటు. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు బలంగా ఉంటుంది. ఏరు ఉబ్బుతుంది. గట్టున గుంట తవ్వితే, పై నుంచి ఒక్క చుక్క పడకపోయినా నీళ్లు అడుగు నుంచి ఊరి వచ్చేస్తాయి. అదే అష్టమికీ నవమికీ పోటు నీరసించిపోతుంది. పైగా ఆ రోజుల్లో పొద్దున తొమ్మిది ప్రాంతానికి నీరు పూర్తిగా దిగి ఉంటుంది. పునాది పోసుకుంటే అప్పుడు పోసుకోవాలి. పడవ మీద పుట్టినవాళ్లకు ఇది అ ఆలంత సులువట. నేను అ ఆల దగ్గరే ఆగిపోయినవాణ్ని కాబట్టి తలూపాను.

ఆ సాయంత్రమే సైటుకి వెళ్లి కాంట్రాక్టరుకి విషయం చెప్పాను. ఆయన నవ్వి, తన దగ్గర మూడు పంపులున్నాయన్నాడు. “చేపలమ్మే ఆవిడ దగ్గర ఇంజనీరింగు నేర్చుకోమంటారా గురువుగారూ? అయినా ముహూర్తం మీరేగా పెట్టారు. మీ మాట మీద మీకే నమ్మకం లేదా?” అన్నాడు. ముహూర్తం ఫ్రిజ్‌దని చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. చెప్పలేదు. మళ్లీ కొబ్బరినీళ్లు తాగి వచ్చాను.

పౌర్ణమి పొద్దున ఫొటో కోసం నేనూ వెళ్లాను. తెల్లవారుజామున పంపులు పెట్టి గుంటలన్నీ పొడిగా తోడించారు. కొబ్బరికాయ కొట్టారు. మిక్సర్ తిరిగింది. నా ముహూర్తం ప్రకారం ఎనిమిదిన్నర దాటాక, మూల గుంటలో మొదటి తట్ట కాంక్రీటు మాలు పడింది. నాలుగో తట్ట పడేసరికి గుంట అడుగు చెమర్చింది. పదో తట్టకి నీళ్లు పాదం ముంచాయి. తొమ్మిదయ్యేసరికి పన్నెండు గుంటలూ పన్నెండు బావులయ్యాయి. మూడు పంపులూ రొప్పుతూ ఏటి నీళ్లను తోడి ఏట్లోనే పోస్తున్నాయి. అవి మళ్లీ గుంటల్లోకే వస్తున్నాయి. సిమెంటు విడిపోయి పాలలాగా పైకి తేలింది. ఏటి ఒడ్డున పాలు పొంగించిన ఘనత నాకు దక్కింది.

ముఠా ఆరోజు గుడివాడ బస్సు ఎక్కలేదు. గట్టు మీద వరసగా కూర్చుని చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదని చెప్పడం నా ధర్మం. మూల గుంట పక్క మట్టి ముందుగా బీటలు వారడం ఆ మేస్త్రీ కంటపడింది. లేచి నిలబడి, గుంటలో ఉన్న పనివాళ్లను చేతులూపుతూ బయటికి రమ్మని కేకలేసింది. భాష రాకపోయినా చేతి భాష వాళ్లకు అర్థమైంది. ఆఖరివాడు పైకి వచ్చిన కాసేపటికి ఆ పక్కంతా జారి, ఇనప జాలీని ముంచేసింది. బురదలో ఇరుక్కున్న ఆ ఆఖరివాణ్ని రెక్కలు పట్టి పైకి లాగింది ముఠాలో ఇద్దరు ఆడవాళ్లే. వేలం షెడ్డు దాకా వెళ్లక్కర్లేకుండానే చేపలు దొరికాయని వాళ్లలో ఒకావిడ అంది. ఆ కుర్రాడికి మాట అర్థం కాలేదు గానీ, బతికి బయటపడ్డందుకు అందరికంటే ముందు అతనే నవ్వాడు.

కాంట్రాక్టరు మాత్రం నన్నే చూస్తున్నాడు. నేను ఆకాశంలో ముహూర్తం ఎటు పోయిందా అన్నట్టు పైకి చూశాను.

రెండు రోజులు గడిచాయి. గడువు దగ్గర పడుతోంది, పైవాళ్లు ఫోన్లు చేస్తున్నారు. మూడో రోజు ఆయనే మేస్త్రీకి కబురు పెట్టాడు. సాక్షిగా ఉండమని ఆవిడ నన్ను వెంటబెట్టుకెళ్లింది. ఆవిడ అష్టమి అనగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. తన జీవితంలో అష్టమి నాడు గుమ్మం కూడా దాటలేదనీ, ఆరోజు ఎవడైనా పునాది వేస్తాడా అనీ అడిగాడు.

“మీకు ముహూర్తం కావాలాండీ, పునాది కావాలాండీ?” అంది ఆవిడ.

ఆయన గడువుకి ఎన్ని రోజులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, మీదే పూచీ అయితే పొయ్యమన్నాడు. గుంటలో నీళ్లు కనపడితే మాత్రం ఈ ముఠా ఇంక తన సైటు ఛాయలకి రాకూడదు, ఈ జిల్లాలో తనకి తెలిసిన కాంట్రాక్టరు ఎవరూ పిలవకుండా చూస్తానన్నాడు. ఆవిడ సరేనని తన షరతులు చెప్పింది. పునాది ఒక్కటే కాదు, షెడ్డు పూర్తయ్యేదాకా పని ముఠాదే. కూలీల హాజరు మస్టరులో పదహారు పేర్లూ ఎక్కాలి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి, తాగడానికి మంచినీళ్లు ఉండాలి. బయటి నుంచి వచ్చిన ఎనిమిది మందినీ పంపించెయ్యకూడదు, తప్పు వాళ్లది కాదు కాబట్టి. గోడ మీది కాయితం ఇప్పుడే తీసెయ్యాలి.

ఆయన నా వైపు చూసి కాయితం పీకాడు. వ్యవహారం అక్కడితో ముగిసిందనుకుని నేను లేచాను.

“ఇంకోటుందండీ. రాసినాయన కూడా ఆరోజు మాతో తట్ట మొయ్యాలి. మాకు పని వచ్చో రాదో దగ్గరుండి చూసి ఈసారి సరిగ్గా రాస్తారు.”

కాంట్రాక్టరు ఈ షరతుకి అన్నిటికంటే ముందు ఒప్పుకున్నాడు.

వచ్చే అష్టమి ఆదివారం కాదు కదా అని పేటవాళ్లు అడిగారు. కాదు, శనివారమని ఫ్రిజ్ చెప్పింది. అయితే తమకు ఏ అభ్యంతరమూ లేదన్నారు. ముందురోజుకల్లా ముఠా, ఆ ఎనిమిది మందీ కలిసి గుంటల్లో బురద ఎత్తి, కంకర పరిచి దిమ్మిస కొట్టి, జాలీలు కడిగి కూర్చోబెట్టారు. మేస్త్రీ ఏటి అంచున ఒక వెదురు బద్ద పాతి, చాకుతో మూడు గాట్లు పెట్టింది. ఆవిడ ఇంజనీరింగు సామగ్రి అంతా అదే.

అష్టమి పొద్దున ఆరింటికి మిక్సర్ తిరిగింది. కొబ్బరికాయ లేదు, ఫొటో లేదు. కాంట్రాక్టరు సైటు లోపలికి రాలేదు. కంచె అవతల కారు పక్కన నిలబడ్డాడు. అష్టమి కంచె దాటి రాదని ఆయన నమ్మకం కాబోలు. మిక్సర్ నుంచి గుంట దాకా ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి తట్టలు వెళ్లేలా వరస కట్టారు. నన్ను వరస మధ్యలో, ఇద్దరు బలమైన ఆడవాళ్ల నడుమ నిలబెట్టారు. మొదటి తట్ట అందుకోగానే నా నడుము నాతో మాట్లాడింది. రెండో తట్టను నా కాలి మీదే పోసుకున్నాను.

“బావగారూ, పునాది గుంటలో పొయ్యాలండి, మీ చెప్పుల్లో కాదు” అంది అటుపక్కావిడ.

“పోనియ్యవే, రేపు పేపర్లో రాసుకోవడానికి కాలమ్ లేచిద్దిలే” అంది ఇటుపక్కావిడ.

వరసంతా నవ్వింది, తట్టలు మాత్రం ఆగలేదు. నవ్వుకీ తట్టకీ ఒకటే లయ కుదిరింది. నేను ఆ లయ తప్పినప్పుడల్లా ఎవరో ఒకరు నా తట్టనూ తామే అందుకుని ముందుకు పంపేశారు. గుంటల్లో జాలీలు చూసుకుంటూ, మాలు కూరుతూ ఆ ఎనిమిది మందీ పనిచేస్తున్నారు. వాళ్ల పాటలో వాళ్లున్నారు, మావాళ్ల ఎకసెక్కాల్లో మావాళ్లున్నారు.

తొమ్మిదయింది. మేస్త్రీ వెదురు బద్ద దగ్గరికి వెళ్లి చూసింది. నీరు అడుగు గాటు కిందికి దిగి ఉంది. వెనక్కి వచ్చి, మిక్సర్ దగ్గర కూర్చోబోతున్న ఒకతన్ని లేపింది. ఏడు గుంటలు నిండాయి. ఇంకా అయిదున్నాయి. పదకొండింటికి మూడు మిగిలాయి. అప్పుడు మిక్సర్ బెల్టు తెగింది.

అరగంట పోయింది అక్కడ. ఎంత నీరసపు పోటయినా పోటు పోటే. కొత్త బెల్టు వేసి తిప్పేసరికి నీరు మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. పదో గుంట, పదకొండో గుంట నిండాయి. పన్నెండోది ఏటికి అన్నిటికంటే దగ్గర. మేస్త్రీ చెప్పులు విడిచి అందులోకి దిగి, వంగి కంకర మీద అరచెయ్యి ఆనించింది. లేచి ఆ చెయ్యి మాకు చూపించింది. తడి అంటింది.

కంచె అవతల కాంట్రాక్టరు రెండు ఫోన్లూ జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ గట్టెక్కి, తనూ వరసలోకి వచ్చి నిలబడింది. “రండే” అంది, అంతే. అప్పటిదాకా నేను చూసినది పని కాదనీ, పనికి ముందు చేసిన కసరత్తనీ అప్పుడు తెలిసింది. తట్టలు చేతుల్లో ఆగడం మానేశాయి. పునాది గుంటలోంచి ఇద్దరు పైకి వచ్చి వరసలో చేరారు. నేను ఆ అరగంటలో ఒక్క తట్ట కూడా జారవిడవలేదు. ఇది నేనే రాసుకుంటున్నాను కాబట్టి నమ్మకపోయినా ఫరవాలేదు. చెమ్మ నీరయ్యేలోపే జాలీ మునిగింది, గుర్తు గీసిన చోటికి మాలు వచ్చింది, తాపీ పైన నున్నగా తిరిగింది. పన్నెండుకు పన్నెండు.

మేస్త్రీ కంచె దాకా వెళ్లి, “రండి, నీళ్లున్నాయేమో వెతుక్కోండి” అని కాంట్రాక్టరును పిలిచింది. ఆయన వచ్చాడు. అష్టమి అని గుర్తులేదేమో, కుడికాలు ఎడమకాలు చూసుకోకుండానే వచ్చాడు. పన్నెండు గుంటలూ చుట్టి చూశాడు. నవ్వు ముందు రాలేదు ఈసారి, మాటే ముందు వచ్చింది. “షెడ్డయ్యేదాకా మీరే చెయ్యండమ్మా” అన్నాడు.

కాంక్రీటు పోసిన రోజు పనివాళ్లకు భోజనం పెట్టడం కట్టించేవాడి ఆనవాయితీ. నీళ్లు వస్తాయని నమ్మిన మనిషి వంట ఏం చెప్తాడు? చెప్పలేదు. పల్లెపాలెం నుంచే గిన్నెలు వచ్చాయి. అన్నం, మాగాయ, చింతకాయ వేసి వండిన చేపల పులుసు. ఆ ఎనిమిది మందినీ ముందు కూర్చోబెట్టారు. చివరి పంక్తిలో కాంట్రాక్టరుకీ నాకూ వడ్డించారు. ఆయన పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ముద్ద పిసుక్కునే ఓపిక నా వేళ్లకు లేకపోతే మేస్త్రీ చూసి, “తమ్ముడూ, స్పూను తెమ్మంటావా?” అంది. ఆ తమ్ముడూ అన్న పిలుపు గురువుగారూ కంటే ఎంత బాగుందో! అప్పుడే ముహూర్తం సంగతి ఒప్పేసుకున్నాను. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని, ఆ దగ్గు విన్నరోజే తెలిసిందిలే అంది.

గుడివాడ తొలి బస్సుకి ఏడాది పాటు పదహారు టిక్కెట్లు తగ్గాయి. మేస్త్రీతో నా గదికి వచ్చిన ఆ పక్కనావిడ కూతురికి ఆడపిల్ల పుట్టిన రోజున మధ్యాహ్నం పని ఆపి, అందరూ నడుచుకుంటూ వెళ్లి చూసి వచ్చారు. స్తంభాలు లేచాయి, కప్పు పడింది. ఏటి గాలికి ఎదురుగా ఆ షెడ్డు చూస్తుంటే, నా చేతి మీదుగా వెళ్లిన తట్టలు ఏ స్తంభం కింద ఉన్నాయో చెప్పగలననిపిస్తుంది. ఆ ఎనిమిది మందిలో ఇద్దరు ఇక్కడే ఉండిపోయి ఈ ముఠాలోనే పనిచేస్తున్నారు. వాళ్ల తెలుగులో బందరు యాస నాకంటే ఎక్కువ.

ప్రారంభోత్సవం ముందురోజు కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. వార్త ఘనంగా రావాలనీ, తన గురించి నాలుగు మంచి ముక్కలు పడాలనీ, పేరు ముందు శ్రీ మర్చిపోవద్దనీ చెప్పాడు. తప్పకుండానని చెప్పి, నోటుబుక్కు తీసుకుని షెడ్డుకి వెళ్లాను. ముఠాలో పదహారు మందినీ ఇంటిపేర్లతో సహా అడిగి రాసుకున్నాను. ఎనిమిది మంది పేర్లూ, ఒకటికి రెండుసార్లు పలికించుకుని, వాళ్ల ఊళ్లతో సహా రాసుకున్నాను. ఇంతమంది పేర్లు ఎందుకండీ, సగం కోసేస్తామని పత్రికాఫీసు నుంచి అడిగారు. కావాలంటే నా పేరు కొయ్యండి, అవి మాత్రం ముట్టుకోవద్దన్నాను.

ప్రారంభోత్సవం అయిన మర్నాడు పొద్దున్నే కాంట్రాక్టరు ఫోను.

“గురువుగారూ, వార్త రెండుసార్లు చదివాను. ఇరవై నాలుగు పేర్లున్నాయి. నా పేరు కనపడట్లేదేంటండీ?”

“ఉందండీ. చివరి లైను చూడండి.”

కాయితం తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన మెల్లగా, పైకే చదివాడు. “తదితరులు పాల్గొన్నారు.”

“ఆ తదితరుల్లో మొట్టమొదట మీరేనండీ” అన్నాను.